ల్యాప్‌టాప్ మీద టీ ఒలికి ఆన్ అవ్వట్లేదా? దాన్ని చంపేది టీ కాదు, తొందర!

ల్యాప్‌టాప్ మీద నీళ్లో, టీయో ఒలికిన తర్వాత చాలామంది చెప్పే మాట ఒకటే: "వెంటనే తుడిచేశాను, ఫ్యాన్ కింద ఆరబెట్టాను. ఆన్ చేస్తే ఒకసారి లైట్ వెలిగింది. ఆ తర్వాత ఇంక రాలేదు." ఆ ఒకసారి వెలిగిన లైటే చాలా ల్యాప్‌టాప్‌లకు ఆఖరి లైట్. నీళ్లు పడటం ప్రమాదం, అది ఎవరికైనా జరుగుతుంది. కానీ తడి ఆరకముందే "పనిచేస్తోందో లేదో చూద్దాం" అని పవర్ బటన్ నొక్కడం మన చేతుల్లో ఉన్న విషయం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. లిక్విడ్ పడిన ల్యాప్‌టాప్‌ని రెండు తొందరలు చంపుతాయి. మొదటిది మనది, అంటే బటన్ నొక్కే తొందర. రెండోది సర్వీస్ సెంటర్‌ది, అంటే "మదర్‌బోర్డు పోయింది, మార్చాలి" అని కౌంటర్ దగ్గరే తేల్చేసే తొందర. ఈ రెండింటినీ ఆపగలిగితే, చెత్తబుట్టకు వెళ్లే మెషీన్లలో చాలావాటికి ఇంకా ప్రాణం ఉంటుంది.

లోపల అసలు జరిగేది ఏంటి?

నీళ్లు తగిలితే సర్క్యూట్ వెంటనే కాలిపోతుంది అనుకుంటాం. నిజానికి స్వచ్ఛమైన నీటిలో కరెంటు పెద్దగా పారదు. అందులో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాలే కరెంటును పారిస్తాయి. తడి బోర్డులో వోల్టేజ్ ఉన్నంతసేపూ పక్కపక్కన ఉన్న రెండు పిన్‌ల మధ్య ఆ ద్రవం దారి వేస్తుంది. అక్కడి రాగి, సోల్డర్ మెల్లగా కరిగి పక్కకు జరుగుతాయి. బోర్డు మీద పచ్చగా, తెల్లగా పేరుకునే పొర అదే. ఆరిపోయిన నీళ్ల చుక్క కంటే, కరెంటు ఉన్న తడి చుక్క ఎన్నో రెట్లు ప్రమాదం.

"నేను షట్‌డౌన్ చేసేశాను కదా" అని ధీమాగా ఉంటారు కొందరు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ లోపలే ఉంటుంది. ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ బోర్డుకి కనెక్ట్ అయ్యే ఉంటుంది, పవర్ బటన్ ఎప్పుడు నొక్కుతారా అని చూసే సర్క్యూట్‌కి కరెంటు వెళ్తూనే ఉంటుంది. షట్‌డౌన్ చేస్తే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇక బటన్ నొక్కితే ఏమవుతుందో చూడండి. ఛార్జర్ నుంచి వచ్చేది చాలా మోడళ్లలో 19, 20 వోల్టులు. ప్రాసెసర్ కోర్‌కి కావాల్సింది దాదాపు 1 వోల్టు. ఈ పెద్ద వోల్టేజ్ లైనుకీ చిన్న వోల్టేజ్ లైనుకీ మధ్య కొన్నిచోట్ల దూరం మిల్లీమీటర్ కూడా ఉండదు. అక్కడ ఒక తడి చుక్క ఉండి, మీరు బటన్ నొక్కితే ఆ పెద్ద వోల్టేజ్ వెళ్లకూడని చోటికి వెళ్తుంది. అప్పుడు పోయేది కీబోర్డు కాదు, ప్రాసెసర్.

ఏం పడిందన్నది కూడా ముఖ్యమే

ఆర్ఓ నీళ్లు పడితే మీరు కొంత అదృష్టవంతులు. బోరు నీళ్లలో ఖనిజాలు ఎక్కువ, కాబట్టి ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఒలికేది టీ. పాలు, చక్కెర రెండూ ఉంటాయి కాబట్టి ఆరాక జిగురులా మారి కీల కింద, కనెక్టర్ల మధ్య పట్టేస్తుంది. కూల్ డ్రింక్‌లో చక్కెరతో పాటు యాసిడ్ ఉంటుంది. ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరినీళ్లు చూడటానికి అమాయకంగా ఉంటాయి గానీ బోర్డుకి మాత్రం పరమ శత్రువులు. వాటిలోని లవణాల వల్ల కరెంటు బాగా పారుతుంది.

అందుకే షాపుకి తీసుకెళ్లినప్పుడు ఏం ఒలికిందో నిజం చెప్పండి. "ఏం పడలేదండీ, ఊరికే ఆగిపోయింది" అంటే నష్టం మీకే. లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్లు చాలా కంపెనీలు అంటిస్తాయి. మూత తీయగానే విషయం తెలిసిపోతుంది. మధ్యలో పోయేది మీ టైమ్.

మొదటి పది నిమిషాలు

ఈ వరుసలో చెయ్యండి:

1. ఛార్జర్ పెట్టి ఉంటే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపండి. తర్వాతే పిన్ లాగండి. తడి చేతులతో ముట్టుకోవద్దు.

2. పవర్ బటన్‌ని కనీసం 10 సెకన్లు నొక్కి పట్టుకుని ఆపేయండి. "ఆ ఫైల్ ఒక్కటి సేవ్ చేసి ఆపుతా" అనుకోవద్దు. ఆ ఫైల్‌తో పాటు మిగతావన్నీ పోవచ్చు.

3. మౌస్, పెన్‌డ్రైవ్, హెచ్‌డీఎంఐ కేబుల్, అన్నీ తీసేయండి.

4. స్క్రీన్‌ని వీలైనంత తెరిచి, ల్యాప్‌టాప్‌ని బోర్లించి గుడారంలా నిలబెట్టండి. కింద పాత కాటన్ గుడ్డ పరవండి. అటూ ఇటూ ఊపొద్దు, దులపొద్దు. ఊపితే నీళ్లు ఇప్పటిదాకా చేరని చోటికి కూడా చేరతాయి. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దండి.

5. అడుగు మూత విప్పడం మీకు అలవాటైతే, స్క్రూలు తీసి బ్యాటరీ కనెక్టర్‌ని బోర్డు నుంచి విడదీయండి. ఈ మొత్తం జాబితాలో ఒక్కటే చెయ్యగలిగితే ఇదే చెయ్యమంటాను.

అలవాటు లేకపోతే కెలకొద్దు. దగ్గర్లోని రిపేర్ షాపుకి అదే రోజు తీసుకెళ్లి, "ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం" అని అడగండి. రెండు నిమిషాల పని. రాత్రంతా బ్యాటరీ బోర్డుకి తగిలి ఉండటానికీ, ఉండకపోవడానికీ చాలా తేడా ఉంటుంది.

ఒక హెచ్చరిక. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపించినా, అడుగు భాగం వేడెక్కుతున్నా, ఘాటైన వాసన వస్తున్నా మూత తీయొద్దు, దానిమీద వంగి చూడొద్దు. మంట అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి మీరూ దూరం జరగండి. ల్యాప్‌టాప్ కంటే మనిషి ముఖ్యం.

బియ్యం డబ్బా, హెయిర్ డ్రయ్యర్, మే నెల ఎండ

బియ్యంలో పెడితే తడి లాగేస్తుందన్నది మనవాళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం. బియ్యానికి అంత శక్తి లేదు. పైగా పిండి, నూక పోర్టుల్లోకి, ఫ్యాన్‌లోకి దూరతాయి. తడిసిన ఐఫోన్‌ని బియ్యం సంచిలో పెట్టొద్దని 2024లో యాపిల్ తన సపోర్ట్ సూచనల్లోనే రాసింది. ల్యాప్‌టాప్‌కి ఇంకా ఎక్కువ కంతలు ఉంటాయి, ఇక చెప్పేదేముంది? బియ్యం అన్నానికే వాడండి.

హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి నీటిని ఆవిరి చేసే లోపే ఇంకా లోపలికి తోసేస్తుంది. కీ క్యాప్‌లు వంకర పోతాయి. ఇక మే నెల ఎండలో మేడ మీద పెట్టడం అయితే వద్దే వద్దు. బ్యాటరీకీ డిస్‌ప్లేకీ అది కొత్త ప్రమాదం. నీడలో, ఫ్యాన్ గాలిలో ఉంచండి చాలు.

"ఎన్ని గంటలు ఆగాలి?" అన్నది తప్పు ప్రశ్న

24 గంటలని ఒకరు, 48 అని ఒకరు, 72 అని ఇంకొకరు చెప్తారు. నా దృష్టిలో అసలు ప్రశ్న గంటల గురించి కాదు. నీళ్లు ఆరిపోతాయి, కానీ అందులో ఉన్నవి ఆరిపోవు. టీలోని చక్కెర, మజ్జిగలోని ఉప్పు బోర్డు మీదే ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువైన రోజున అవి మళ్లీ చెమ్మ పట్టి పని మొదలుపెడతాయి. "ఒలికినప్పుడు బాగానే ఉంది, రెండు నెలలకి పోయింది" అనే కేసుల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే. మన వైజాగ్, కాకినాడ లాంటి సముద్రతీరం ఊళ్లలో ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కాబట్టి పడింది మంచినీళ్లే అయి, కొంచెమే అయితే, బ్యాటరీ విడదీసి రెండు రోజులు ఆరబెట్టడం సరిపోవచ్చు. మిగతా ఏది పడినా ఆరబెట్టడం కాదు, శుభ్రం చేయించడం కావాలి. బోర్డుని బయటకు తీసి, 99% ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడుగుతారు. పెద్ద షాపుల్లో అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉంటుంది, చిప్‌ల అడుగున చేరిన జిడ్డుని కూడా అది వదిలిస్తుంది. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో నీటి శాతం ఎక్కువ, దీనికి అది వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి మంట తొందరగా అంటుకుంటుంది కాబట్టి పొయ్యి దగ్గర, మూసిన గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

ఆరింది, శుభ్రమైంది, అయినా ఆన్ అవ్వట్లేదు

ఇక్కడ "డెడ్" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. కానీ డెడ్‌లో రకాలు ఉన్నాయి.

ఛార్జర్ పెట్టినా ఏ లైటూ లేదు: ముందు అదే రేటింగ్ ఉన్న వేరే ఛార్జర్‌తో చూడండి. తడిసింది ల్యాప్‌టాప్ ఒక్కటే కాకపోవచ్చు. దానికీ రాకపోతే ఛార్జింగ్ పోర్టు గానీ, బోర్డులో కరెంటు లోపలికి వచ్చే మొదటి భాగం గానీ దెబ్బతిని ఉండొచ్చు. ఇలాంటివి చాలాసార్లు ఒక ఫ్యూజో, షార్ట్ అయిన కెపాసిటరో, మాస్‌ఫెట్టో మారిస్తే బాగుపడతాయి.

ఛార్జింగ్ లైట్ ఉంది, బటన్ నొక్కితే స్పందన లేదు: ఇక్కడే చాలామంది మోసపోతారు. ఎన్నో మోడళ్లలో పవర్ బటన్ కీబోర్డులోనే ఒక కీ. ఒలికిన టీ ముందుగా చేరేది కీబోర్డుకే. కీబోర్డు షార్ట్ అయితే బటన్ నొక్కిన సంగతి బోర్డుకి తెలియదు, లేదా బటన్ ఎప్పుడూ నొక్కే ఉన్నట్టు అనిపిస్తుంది. కీబోర్డు రిబ్బన్ తీసేసి, తెలిసిన టెక్నీషియన్ వేరే విధంగా పవర్ సిగ్నల్ ఇచ్చి చూస్తే, చచ్చిందనుకున్న మెషీన్ లేచి కూర్చోవచ్చు. అలా లేస్తే మార్చాల్సింది కీబోర్డే.

ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉంది: హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపి చూడండి. టీవీలో బొమ్మ వస్తే బోర్డు బతికే ఉంది, సమస్య డిస్‌ప్లే వైపు. స్క్రీన్ మీద టార్చ్ కొట్టి చూస్తే మసకగా బొమ్మ కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయిందన్నమాట. టీవీలో కూడా రాకపోతే ర్యామ్ తీసి శుభ్రం చేసి మళ్లీ పెట్టించండి. బీప్‌లు, లైట్ మినుకులు వస్తుంటే అవి ఎన్నో లెక్కపెట్టండి. అవి చాలా కంపెనీల్లో ఫలానా లోపం అని చెప్పే కోడ్‌లు.

ఆన్ అయి కొన్ని సెకన్లలో ఆగిపోతోంది: మళ్లీ మళ్లీ ప్రయత్నించొద్దు. ఎక్కడో షార్ట్ ఉంది, బోర్డు తనని తాను కాపాడుకుంటోంది. నొక్కిన ప్రతిసారీ మీరు దాని ఓపికని పరీక్షిస్తున్నారు.

"మదర్‌బోర్డు మార్చాలి" అంటే చివరి మాట కాదు

మా పిన్ని కూతురు హన్మకొండలో బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతుండగా హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ మీద టీ పడింది. తనే ఆపేసి, బోర్లించి, బ్యాటరీ తీయించింది. అన్నీ సరిగ్గానే చేసింది. అయినా ఆన్ అవ్వలేదు. సర్వీస్ సెంటర్‌లో చూసి, వారంటీ వర్తించదు, మదర్‌బోర్డు మార్చాలి, డేటాకి మా బాధ్యత లేదు అన్నారు. చెప్పిన రేటు ఆ ల్యాప్‌టాప్ కొన్న ధరలో సగం దాటింది. "అన్నయ్యా, డబ్బు సంగతి తర్వాత, ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది" అని ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. సికింద్రాబాద్ సీటీసీలో చిప్ లెవెల్ పని చేసే ఒకాయనకి ఇప్పించాను. కీబోర్డు పోయింది, ఛార్జింగ్ భాగంలో రెండు చిన్న కాంపోనెంట్లు పోయాయి. నాలుగు రోజుల్లో ల్యాప్‌టాప్ చేతికొచ్చింది. సర్వీస్ సెంటర్ చెప్పిన దాంట్లో ఐదో వంతు కూడా కాలేదు.

సర్వీస్ సెంటర్ కుర్రాడిని నేను తిట్టడం లేదు. అక్కడి పద్ధతే అది. కంపెనీ కేంద్రాల్లో సాధారణంగా బోర్డు మొత్తం మారుస్తారు, బోర్డులో పోయిన చిన్న భాగాన్ని వెతకరు. వాళ్ల దగ్గర ఆ పనికి టైమూ ఉండదు, అనుమతీ ఉండదు. బల్బు పోతే ఇల్లంతా వైరింగ్ మార్చినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. కాబట్టి వాళ్ల నోట "మార్చాలి" అని వస్తే, "మేం బాగు చెయ్యం" అని అర్థం చేసుకోండి. "బాగవ్వదు" అని కాదు.

అలాగని ప్రతి చిన్న షాపూ గొప్పదని చెప్పను. ఇచ్చే ముందు సీరియల్ నంబర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ లేబుళ్లు ఫొటో తీసుకోండి. మూడు ప్రశ్నలు అడగండి: బోర్డు పని మీ దగ్గరే చేస్తారా, బయటికి పంపుతారా? బాగవ్వకపోతే చూసినందుకు ఎంత తీసుకుంటారు? తీసేసిన పార్టులు తిరిగి ఇస్తారా? బోర్డు చూడకుండానే రేటు చెప్పే షాపు నుంచి వచ్చేయండి. ప్రాసెసర్ షార్ట్ అయిందనో, బోర్డు లోపలి పొరల్లో తుప్పు పట్టిందనో నిజాయితీగా చూపించి చెప్తే మాత్రం ఒప్పుకోండి. ఆరేడేళ్ల పాత మెషీన్ మీద వేలకు వేలు పోయడం తెలివైన పని కాదు.

డేటా వేరు, ల్యాప్‌టాప్ వేరు

కంగారులో ఈ రెండూ ఒకటే అనుకుంటాం. ఎస్‌ఎస్‌డీ విడిగా ఉండే మోడల్ అయితే దాన్ని తీసి, ఒక చిన్న యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి వేరే కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్ లేవకపోయినా ఫొటోలు, ప్రాజెక్టులు బతుకుతాయి. కానీ ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసి ఉంటే అది సాధారణంగా ఆ అకౌంట్‌లోనే దొరుకుతుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందా? అది ఈరోజే చూసుకోవాల్సిన విషయం.

యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లలో పరిస్థితి ఇంకా కఠినం. స్టోరేజ్ చిప్‌లు ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటాయి, వాటిని వేరే చోట పెట్టి చదవలేరు. డేటా కావాలంటే ఆ బోర్డునే బతికించాలి. అలాంటి వాళ్లకు బోర్డు మార్చడం అంటే డేటా వదులుకోవడమే. "మార్చేయండి" అని సంతకం పెట్టే ముందు ఇది ఆలోచించండి.

కంపెనీలు కూడా మారాలి

కీబోర్డు మీద పడిన నీళ్లు అడుగు నుంచి కారిపోయేలా దారులు పెట్టడం కొత్త టెక్నాలజీ ఏమీ కాదు. థింక్‌ప్యాడ్‌లలో ఇది ఎప్పటినుంచో ఉంది. మరి హాస్టల్ మంచం మీద, టీ గ్లాసు పక్కన బతికే స్టూడెంట్ ల్యాప్‌టాప్‌లలో ఎందుకు అరుదు? ఆఫీసు వాళ్లకి కంపెనీ ఇంకోటి ఇస్తుంది. స్టూడెంట్‌కి ఎవరిస్తారు? బయటి నుంచే బ్యాటరీని విడదీసే చిన్న స్విచ్ ఒక్కటి ప్రతి ల్యాప్‌టాప్‌లో పెడితే, పైన రాసిన దాంట్లో సగం అవసరమే ఉండేది కాదు.

ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్‌ల మీద రిపేర్‌కి ఎంత అనుకూలమో పదికి మార్కులు వేసి చూపిస్తున్నారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెచ్చింది. 2024లో రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం ఇంకో కమిటీ వేసింది. మంచిదే. కానీ సీటీసీలో కూర్చున్న టెక్నీషియన్‌కి కావాల్సింది పోర్టల్‌లో లింకు కాదు. ఆ బోర్డు సర్క్యూట్ డయాగ్రమ్, ఒరిజినల్ పార్టు, ఈ రెండూ న్యాయమైన ధరకి. మన రివ్యూల్లో కూడా కెమెరా, బ్యాటరీ, గేమింగ్‌తో పాటు "మూత విప్పడం ఎంత తేలిక, ఎస్‌ఎస్‌డీ బయటికి వస్తుందా" అన్న లైను ఒకటి తప్పనిసరిగా ఉండాలని నేను అంటాను.

చివరగా

కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నారా? మామూలు వారంటీ లిక్విడ్ డ్యామేజ్‌ని కవర్ చేయదు. యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా తీసుకోవాలి, దాన్ని చాలా కంపెనీలు కొన్న కొద్ది రోజుల్లోపే ఇస్తాయి. అమెరికాకో, ఇంకో దేశానికో చదువుకి వెళ్తూ ఇక్కడ కొంటుంటే, ఆ ప్లాన్ అక్కడ చెల్లుతుందో లేదో రాతలో అడగండి. ప్లాన్ ఉంటే మూత మీరు విప్పకండి, ఆపేసి నేరుగా వాళ్లకే ఇవ్వండి. బ్యాకప్ ఒకటి క్లౌడ్‌లోనో, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోనో పెట్టుకోండి.

ఒకవేళ ఇప్పటికే ఒలికిపోయి, ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని ఫోన్‌లో ఇది చదువుతున్నారనుకుందాం. బటన్ మీదున్న వేలు తీసేయండి. బ్యాటరీ కనెక్షన్ తీయించండి, బోర్డు శుభ్రం చేయించండి. ఎవరైనా "బోర్డు పోయింది" అంటే ఎక్కడ పోయిందో చూపించమనండి. చూపించలేకపోతే, ఇంకో షాపు గడప తొక్కండి.